విశ్వవిద్యాలయములో తొలి సంవత్సరము: బిడియపడు విద్యార్థికి గ్రామము అందింపదగిన తోడ్పాటు

గ్రామమునుండి ఒక బాలుడో, బాలికయో విశ్వవిద్యాలయములో చేరుట ఆ కుటుంబమునకే గాక గ్రామమునకంతటికిని సంతోషము కలిగించు విషయము. శ్రీకాకుళము జిల్లాలోని గ్రామములకు ఈ సంతోషము ఇటీవలి కాలమున తరచుగా కలుగుచున్నది. ఒకప్పుడు తెలుగు విద్యార్థులు పట్టపరీక్షల కొరకు 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి యుండెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడి, పిమ్మట వాల్తేరులో స్థిరపడుటతో ఉన్నతవిద్య ఉత్తరాంధ్రమునకు చేరువైనది. 2008లో ఎచ్చెర్లలో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు విశ్వవిద్యాలయము నెలకొన్నది. గ్రామీణ విద్యార్థుల నుద్దేశించి 2008లోనే ప్రారంభింపబడి, ట్రిపుల్ ఐటీ యని ప్రజలు వ్యవహరించు విశ్వవిద్యాలయమునకు 2016లో ఈ జిల్లాలోను ఒక ప్రాంగణ మేర్పడినది. అందు పదవ తరగతి పూర్తిచేసినవారికే ప్రవేశము లభించును గనుక, పదునైదు పదునారు సంవత్సరముల పిల్లలే ఇల్లు విడిచి ఆరేండ్ల చదువునకు బయలుదేరుచున్నారు.

సీటు లభించిన తరువాత

సీటు లభించుట ఒక యెత్తు; అచ్చట నిలదొక్కుకొనుట మరియొక యెత్తు. సీటు వచ్చిననాడు ఊరంతయు అభినందించును. ఆ తరువాత మూడు నాలుగు మాసములు విద్యార్థి యెట్లున్నాడో విచారించువారు తక్కువ. చదువు మానివేసి తిరిగి వచ్చువారిలో కొందరు తెలివితేటలు లేకకాదు, ధనము లేకయును కాదు, నోరు విప్పలేక తిరిగి వచ్చుచున్నారు. వారి విషయమున గ్రామము ముందుగా చేయదగిన పని కొంత కలదు. దానిని పంచాయితీ సభ్యుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నౌపడ గ్రామమునే ఉదాహరణముగా తీసికొందము. హౌరా, మద్రాసు నగరములను కలుపు పెద్ద రైలుమార్గముమీద నౌపడ ఒక కూడలి స్టేషను. ఇచ్చటి నుండియే పర్లాకిమిడి, గుణుపురములకు శాఖామార్గము చీలును. ఉప్పుమళ్లకు పేరుపొందిన ఈ ప్రాంతమున పెరిగిన పిల్లవాడు దారిలో ఎదురైన ప్రతివానికిని ఫలానావారి కుమారుడుగనో, ఫలానావారి మనుమడుగనో పరిచితుడే. తన పేరు తాను చెప్పుకొనవలసిన అవసరమే అతనికి ఎన్నడును కలిగియుండదు. అట్టివాడు రైలెక్కి ఆమదాలవలసలోని శ్రీకాకుళము రోడ్డు స్టేషనులోనో, విశాఖపట్టణములోనో దిగిన క్షణమునుండి తాను ఎవరో తానే చెప్పుకొనవలెను. బిడియము గలవానికి ఇదియే మొదటి పరీక్ష. ఈ పరీక్షకు అతనిని ఏ పాఠశాలయు సిద్ధపరచియుండదు.

బిడియ మనగా నేమి?

పలువురిలో మాటలాడవలసి వచ్చినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనుట, నోరెండిపోవుట, ముఖము వేడెక్కుట, తెలిసిన సమాధానము సైతము నాలుకమీదికి రాకపోవుట బిడియము యొక్క లక్షణములు. ఇతరులు తనను చూచి నవ్వుదురేమోయను శంక దీనికి మూలము. బిడియము వ్యాధి కాదు, మందబుద్ధియు కాదు. బిడియస్తులలో పెక్కుమంది చక్కగా వినువారు, ఆలోచించి మాటలాడువారు.

అయితే బిడియమును ఇతరులు అపార్థము చేసికొనుట కలదు. ఊరిలో మాటలాడని పిల్లవానిని మనము అణకువ గలవాడని మెచ్చుకొందుము. అదే పిల్లవాడు విశ్వవిద్యాలయములో మాటలాడకున్నచో తోటివారు గర్వి యనుకొందురు; ఉపాధ్యాయులు పాఠము నర్థము చేసికొనెననుకొందురు. ఊరిలో మెప్పు తెచ్చిన మౌనమే అచ్చట నష్టము తెచ్చును. నిన్నటివరకు సద్గుణమనిపించుకొన్నది ఒక్కసారిగా లోపమెట్లయినదో ఆ పసివానికి బోధపడదు.

తొలి మాసములలో ఎదురగు చిక్కులు

మొదటి చిక్కు భాష. తెలుగు మాధ్యమమున చదివినవానికి ఆంగ్లములో సాగు ఉపన్యాసము కొన్ని వారములవరకు చెవికందదు. అర్థము కాలేదని చెప్పుటకు లేచి నిలబడవలెను. నిలబడినచో అందరును తనవంక చూతురు. అందుచేత కూర్చుండియే యుండును. ఒకనాటి పాఠము తెలియనిచో మరునాటి పాఠము మరింత కష్టమగును.

రెండవది యాస. "ఏటి", "సెప్తాను" అను మాటలు వినగానే తోటివారు చిరునవ్వు నవ్వుట కలదు. సవర భాష ఇంటి భాషగా గల గిరిజన విద్యార్థులకు ఈ ఇబ్బంది మరింత యెక్కువ. ఇచ్చట మన పిల్లలకు చెప్పదగిన సంగతి యొకటి కలదు. వాడుకభాష గౌరవము కొరకు జీవితాంతము పోరాడిన గిడుగు వేంకట రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగము సమీపమున జన్మించిరి. నౌపడనుండి సాగు శాఖామార్గముమీది పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువులను సమకూర్చిరి. వారి జన్మదినమైన ఆగష్టు 29వ తేదీనే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఎవరి పలుకుబడి నుండి తాను వచ్చినాడో ఎరిగిన విద్యార్థి తన యాసకు తలవంచుకొనడు.

మూడవది కార్యాలయములతో పని. విద్యార్థి వేతనపు దరఖాస్తు, వసతిగృహపు గది, గ్రంథాలయపు కార్డు, బ్యాంకు ఖాతా మున్నగువాని కన్నింటికిని ఎవరినో ఒకరిని అడుగవలసి యుండును. బిడియస్తుడు వరుసలో నిలబడి, తన వంతు వచ్చుసరికి వెనుకకు తగ్గును. గడువు దాటిన పిమ్మట ఇంటివారికి చెప్పుటకును సిగ్గుపడును. ఈ విధముగా చిన్న మౌనము పెద్ద నష్టముగా పరిణమించును.

నాలుగవది ఒంటరితనము. భోజనశాలలో ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో తెలియక భోజనము మానివేయు పిల్లలు కలరు. నేడు చేతిలో దూరవాణి యున్నది గదాయని పెద్దలు ధైర్యపడుచున్నారు. ఇంటివారితో మాటలాడుట మంచిదే. కాని సాయంకాలమెల్ల గదిలో ఆ యంత్రముతోనే గడుపువానికి ప్రక్క మంచముమీది విద్యార్థి పేరైనను తెలియకపోవచ్చును. ఊరితో సంబంధము నిలుపు సాధనమే కొత్తచోట ముఖము చాటువేసికొనుటకు తెర యగును.

ఈ చిక్కులకు తోడు కాలము తక్కువ. నేటి విశ్వవిద్యాలయములలో సంవత్సరమును రెండు సెమిస్టరులుగా విభజింతురు. రెండు మాసములు బెదురుతో గడచినచో సగము సెమిస్టరు గడచినట్లే. ఆ తరువాత హాజరు తక్కువయగుట, పరీక్ష తప్పుట, "ఇది నావల్ల కాదు" అను నిరాశ ఒకదాని వెంట నొకటి వచ్చును.

ఇద్దరు ప్రసిద్ధుల తొలి సంవత్సరములు

ఈ కష్టము మన పిల్లలకే వచ్చినది కాదు. మహాత్మాగాంధీ 1888లో భావనగరమునందలి సామలదాసు కళాశాలలో చేరిరి. అచ్చట ఆచార్యుల ఉపన్యాసములు వారికి అర్థము కాలేదు. అంతయు అగమ్యగోచరముగా తోచెను. మొదటి విడత ముగియగానే వారు ఇంటికి తిరిగి వచ్చిరి. ఆ సంవత్సరమే లండనుకు వెళ్లి న్యాయశాస్త్రము చదివిరి. అచ్చటను వారి బిడియము వదలలేదు. ఒక శాకాహారుల సభలో మాటలాడుటకు లేచి, వ్రాసికొనిపోయిన ఒక్క కాగితమును సైతము చదువలేక, తోడు వచ్చిన మిత్రునిచేత చదివించిరి. ఈ సంగతులను వారు తమ ఆత్మకథలో స్వయముగా చెప్పుకొనిరి. ఆ బిడియమే తమకు మాటలలో పొదుపు నేర్పినదనియు వ్రాసిరి. ఆ సభలో వారి ప్రక్కన ఒక మిత్రుడున్నాడను విషయము ఇచ్చట గమనింపదగినది.

గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ కథ మన ప్రాంతమునకు సంబంధించినది. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరిన ఆయన గణితము తప్ప తక్కిన విషయములలో వెనుకబడి, విద్యార్థి వేతనమును పోగొట్టుకొనెను. 1905లో, పదునేడేండ్ల వయస్సున, ఇంట ఎవరికిని చెప్పకుండ విశాఖపట్టణమునకు వెళ్లిపోయెను. కుమారుడు కనబడుట లేదని తల్లిదండ్రులు తల్లడిల్లిరి. ఆయన 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ వ్రాయుట, 1914లో ఇంగ్లండు వెళ్లుట, 1918లో రాయల్ సొసైటీ సభ్యుడగుట తరువాతి చరిత్ర.

ఈ రెండు కథలనుండి తొలి సంవత్సరపు వైఫల్యము విద్యార్థి శక్తికి కొలమానము కాదని తెలియుచున్నది. అయితే అందరికిని హార్డీ వంటివాడు లభింపడు. ఇల్లు విడిచి పారిపోవు దశకు రాకమునుపే చేయి యందించువాడొకడు కావలెను. అట్టివానిని సమకూర్చుట గ్రామమునకు సాధ్యమైన పని.

పరిశోధనలు తెలిపిన సంగతి

బిడియమునుగూర్చి మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు పరిశోధనలు జరిపియున్నారు. 2000లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కొందరు విద్యార్థులకు నగుబాటు కలిగించు బొమ్మగల చొక్కా తొడిగి, తోటివారు కూర్చున్న గదిలోనికి పంపిరి. గదిలోనివారిలో ఎందరు ఆ బొమ్మను గమనించిరని తరువాత ప్రశ్నింపగా, ఇంచుమించు సగముమంది గమనించియుందురని చొక్కా తొడుగుకొన్నవారు భావించిరి. వాస్తవముగా గమనించినవారు సుమారు నాలుగవ వంతు మాత్రమే. మనలను అందరును చూచుచున్నారని మనమనుకొందుముగాని, చూచువారి సంఖ్య అందులో సగమే.

రెండవ పరిశోధన పంచాయితీలకు మరింత ఉపయోగకరమైనది. వాల్టన్, కోహెన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని 2011లో ప్రకటించిరి. అమెరికాలోని ఒక కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థులకు పై తరగతులవారి అనుభవములను చదువనిచ్చిరి. "మొదట మాకును ఇది మా చోటు కాదనిపించినది, క్రమముగా ఆ భావము తొలగిపోయినది" యనునది వాని సారాంశము. ఈ కార్యక్రమమునకు పట్టిన కాలము సుమారు ఒక గంట. తదుపరి మూడు సంవత్సరములలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతివారితో వారికి గల వ్యత్యాసము సగమునకు తగ్గినది. ఆ దేశపు పరిస్థితులు వేరు, మన పరిస్థితులు వేరు. అయినను తనవంటివాడే ఆ దారిని నడచి గట్టెక్కినాడని వినుట కొత్తవానికి ఎంత బలమిచ్చునో దీనివలన గ్రహింపవచ్చును. "భయపడకుము" అని వేయిసార్లు చెప్పుటకంటె, "నేనును భయపడితిని" అని ఒక్కరు చెప్పుట మేలు.

పంచాయితీ చేయదగిన పనులు

1992లో పార్లమెంటు ఆమోదించి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయితీలకు ఒప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. వానిలో విద్యయు, గ్రంథాలయములును కలవు. కావున ఈ క్రింది పనులు పంచాయితీకి పరాయివి కావు. వీనికి పెద్దగా వ్యయమును కాదు.

1. ప్రతి వేసవిలోను గ్రామమునుండి పై చదువులకు వెళ్లబోవువారి జాబితాను, ఇప్పటికే చదువుచున్నవారి జాబితాను తయారు చేయవలెను. సెలవులకు ఊరికి వచ్చిన పై తరగతులవారిని, కొత్తవారిని పాఠశాలలోనో, గ్రంథాలయములోనో ఒక సాయంకాలము సమావేశపరచవలెను. ప్రథమ శ్రేణిలో నిలిచినవారిని మాత్రమే పిలువరాదు. మొదట తడబడి పిమ్మట కుదురుకొన్నవారి మాటయే అచ్చట ముఖ్యము. పెద్దల ఉపన్యాసములు తగ్గించి, పిల్లలను తమలో తాము మాటలాడుకొననిచ్చుట మంచిది.

2. ప్రతి కొత్త విద్యార్థికిని అదే విశ్వవిద్యాలయములోనో, అదే పట్టణములోనో చదువుచున్న ఒకరిని తోడుగా ఏర్పరుపవలెను. బాలికలకు బాలికలనే తోడుచేయవలెను. మొదటి ప్రయాణము, కార్యాలయములో మొదటి దరఖాస్తు, భోజనశాలలో మొదటి భోజనము ఆ తోడుతో జరిగినచో సగము బెదురు తీరును. మన గ్రామమున అట్టివారు లేనిచో ఇరుగుపొరుగు పంచాయితీలను విచారింపవచ్చును.

3. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములు, బదిలీ పత్రము, వాని నకళ్లు ముందుగానే సిద్ధముచేయించి, వానిని సచివాలయమునకు వెళ్లి అడుగు పనిని పెద్దలు చేయక విద్యార్థిచేతనే చేయించవలెను. పరిచితులను అడుగుట అలవడినచో అపరిచితులను అడుగుట తేలికయగును.

4. గ్రామసభలో తీర్మానములను, జమాఖర్చులను చదువు పనిని పై తరగతుల విద్యార్థుల కప్పగింపవచ్చును. తనవారి యెదుట నిలబడి పది పంక్తులు చదివిన బాలిక రేపు తరగతిలో ఒక ప్రశ్న అడుగగలదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలుచేయునది పంచాయితీయే గనుక, శాఖా గ్రంథాలయములో వారమునకొకనాడు పఠన, సంభాషణ కార్యక్రమము జరిపించుమని కోరుటయు సమంజసమే.

5. దసరాకో, సంక్రాంతికో వచ్చిన విద్యార్థిని పదిమందిలో "మార్కులెన్ని?" యని నిలదీయరాదు, ఇతరులతో పోల్చరాదు. "అచ్చట నీ స్నేహితులెవరు? ఏమి తినుచున్నావు? నీకు కొరుకుడు పడని పాఠమేది?" అని ఏకాంతమున అడిగినవారికి నిజము తెలియును. మొదటి పండుగకు వచ్చిన విద్యార్థి తిరిగి వెళ్లుటకు వెనుదీసినచో, కోపగించుటకు బదులు తోడు వెళ్లి దింపివచ్చుట మేలు.

విద్యార్థి అలవరచుకొనదగినవి

విద్యార్థికి చెప్పదగిన సలహాలు కొన్ని కలవు. తరగతిలో ముందు వరుసలలో కూర్చుండవలెను. ముందు కూర్చున్నవానికి వెనుకనున్న ముఖములు కనబడవు. అందరిలో అడుగలేనిచో పాఠము ముగిసిన పిమ్మట అధ్యాపకుని ఒంటరిగా కలిసి అడుగవచ్చును. అడుగదలచిన ప్రశ్నను ముందుగా కాగితముమీద వ్రాసికొనవలెను. మొదటి వారమున ఒక్కరితోనైనను పేరును, ఊరును చెప్పి పరిచయము చేసికొనవలెను. అందరితో స్నేహము అవసరము లేదు, ఒకరిద్దరు చాలును. ఆటలోనో, జాతీయ సేవా పథకములోనో చేరినచో, చేతికి పని యున్నచోట మాట తనంత తానే వచ్చును. కొత్త విద్యార్థులను ప్రాంగణమునకు పరిచయముచేయుటకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2019లో "దీక్షారంభ్" అను ప్రారంభ కార్యక్రమమును రూపొందించినది. పాఠములు కావుగదాయని ఆ దినములలో ఇంటివద్ద ఉండిపోరాదు. స్నేహములు కుదురునది ఆ దినములలోనే.

ఎప్పుడు జాగ్రత్తపడవలెను?

బిడియము వేరు, భయము వేరు. పై తరగతులవారు వేధించుచున్నచో అది ర్యాగింగు. ఆంధ్రప్రదేశములో 1997 నాటి చట్టము ననుసరించి అది శిక్షార్హమైన నేరము. బిడియస్తుడు దానిని సహించి యూరకుండును గనుక పెద్దలే కనిపెట్టవలెను. 1800-180-5522 అను సంఖ్యకు పగలు రాత్రి యెప్పుడైనను ఫిర్యాదు చేయవచ్చును.

విద్యార్థి వారముల తరబడి నిద్రాహారములు మానినను, గదినుండి వెలికి రాకున్నను, బ్రతుకుమీద విరక్తి మాటలాడినను అది కేవలము బిడియమని త్రోసిపుచ్చరాదు. వెంటనే వైద్యుని సంప్రతింపవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా దూరవాణి చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఈ రెండు సంఖ్యలను పంచాయితీ కార్యాలయపు ప్రకటన ఫలకముమీద వ్రాయించుట మంచిది.

నౌపడ ప్రాంతపు రైతులకు ఉప్పు పండించుటలోని మర్మము తెలిసినదే. మడిలో నీరు నిలిపిన మరునాడే ఉప్పు రాదు, ఎండకు కాలమీయవలెను. అట్లని మడిని విడిచిపెట్టి పోవుటయు లేదు. గట్లు తెగకుండ, వాననీరు చేరకుండ కనిపెట్టుకొని యుందురు. బిడియపడు విద్యార్థి విషయమునను ఓర్పు, కాపుదల రెండును కావలెను. ఈ వేసవిలో మీ పంచాయితీలోని కొత్త విద్యార్థులకు, పాత విద్యార్థులకు ఒక్క సాయంకాలము సమావేశ మేర్పాటు చేయుడు. సీటు సంపాదించుట విద్యార్థి చేసిన పని. ఆ సీటు ఖాళీ కాకుండ చూచుటలో గ్రామమునకును భాగము కలదు.